పలకలోని అమ్మ

నమోదు 2

మంచుగని నుంచి తిరిగివచ్చిన ప్రతి ఒక్కరూ కొంతకాలం రోజువారీ విశేషాలు రాసి వైద్యశాలకు ఇవ్వాలన్నది అంతరిక్షంలో తిరిగే మా వలయంలోని నియమం. ఆకలి, నిద్ర, చూపు, నడక అనే నాలుగింటి గురించీ తప్పక రాయాలి.

ఆకలి బాగుంది. నిద్ర మధ్యమధ్య తెగుతోంది. చూపు దీపాల వెలుగుకు ఇంకా అలవాటు పడలేదు. నడుస్తుంటే కాళ్ళు బరువుగా ఉన్నాయి. గనిలో మనిషికి దాదాపు బరువే ఉండదు కనుక ఇది సహజమేనని చెప్పారు.

అసూయ గురించి రాయడానికి చోటు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ రోజు అదే ముందు నింపేదాన్ని.

నిన్న నేను ఇంటి గడప దాటేసరికి మా అమ్మాయి కిన్నెర వాళ్ళ నాయనమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. మంచు తవ్వి వలయానికి నీళ్ళు పంపే నీళ్ళ వంతుకు నేను వెళ్ళినప్పుడు దానికి మాటలు సరిగా రాలేదు. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. గని నుంచి ఇంటికి మాట పంపే దారి లేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను. అది నా వైపు చూసింది, తరవాత వంటగట్టు పక్కనున్న పలక దగ్గరకు పరుగెత్తింది. ఆ పలకలో నా బొమ్మ ఉంది. కిన్నెర మునివేళ్ళ మీద లేచి, బొమ్మ చెంప మీద వేలు ఆనించి చెప్పింది:

"అమ్మా, ఎవరో వచ్చారు."

నమోదు 3

ఆకలి తగ్గింది. తక్కినవి నిన్నటిలాగే.

ఆ బొమ్మను ఈ రోజు తీరిగ్గా పరిశీలించాను. అది వేసింది అలివేలు. మా చిత్రశాలలో నా పక్క బల్ల ఆమెది, నాకంటే చిన్నది. ఎవరి బొమ్మను వాళ్ళు గానీ, వాళ్ళ ఇంటివాళ్ళు గానీ వేయకూడదు. సొంతవాళ్ళ చేయి ముక్కును చిన్నది చేస్తుంది, వయసును దాచేస్తుంది. అందువల్ల నా ఫోటో ఆమె బల్ల మీదికి వెళ్ళింది.

ఇంటికి ఒకటే పలక. వంతుకు ఎవరు వెళితే వారి బొమ్మ అందులో ఉంటుంది. బొమ్మను ఒకసారి నిలిపితే పలక మళ్ళీ విద్యుత్తు అడగదు. కానీ అది చూపగల రంగులు చాలా తక్కువ. ఫోటోను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మనిషి బూడిద పూసుకున్నట్టు కనిపిస్తాడు. కాబట్టి ఫోటోను పొరలుగా విడదీసి, వెనకనున్న గోడను తీసేసి, చర్మపు రంగులను కుదించి, సాఫ్ట్‌వేర్‌లోని కుంచెతో ముఖాన్ని మళ్ళీ మొదటినుంచి కట్టాలి. నా వృత్తి ఇదే. వలయంలో ఈ పని నాకంటే ఓపికగా చేసేవారు లేరని వంతుకు వెళ్ళే రోజు వరకు నమ్మాను.

అలివేలు నుదుటి మీద కుంచెను అడ్డంగా నడపలేదు. కనుబొమల నుంచి పైకి నడిపింది. అందువల్ల ఆ ముఖం ఎదుటివారి మాట వింటున్నట్టు ఉంది. కింది పెదవి అంచును కుడివైపు పూర్తిచేయకుండా వదిలేసింది. ఆ కాస్త భాగాన్ని చూసేవాళ్ళ కన్ను పూరించుకుంటుంది. ఏ క్షణాన చూసినా ఆమె ఇప్పుడే ఏదో చెప్పబోతోంది. కళ్ళ కింద అలసటను తుడిచేయలేదు. నేను ఏ ముఖం మీదా ఆ నీడను ఉంచి ఎరుగను.

తప్పు కోసం వెతికాను. ఎడమ చెవి దుద్దు నీడ ఉండవలసిన దానికంటే ముదురుగా పడింది. ఆ ఒక్క తప్పు దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచకుండా ఇక్కడ రాస్తున్నాను. వైద్యులకు పనికిరావచ్చు.

నమోదు 5

నిద్ర సరిగా లేదు.

కిన్నెర నన్ను "వచ్చినామె" అంటోంది. "వచ్చినామె నా గిన్నె తీసింది." "వచ్చినామె పక్కన నేను పడుకోను." తోటకూర పప్పు కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే పెదవులు బిగించింది. అదే ముద్దను మా అత్తగారు సూరమ్మ తీసుకెళ్ళి పలక ముందు నిలబడి, "చూడు, మీ అమ్మ చూస్తోంది, తినూ" అనగానే నోరు తెరిచింది. అమ్మ చూస్తోందన్న మాట నిజమే. నేను గట్టు ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఈ రోజు ధైర్యం చేసి అడిగాను. "కిన్నెరా, ఆ బొమ్మలో ఉన్నది నేనే కదమ్మా. సరిగ్గా చూడు."

అది పలకను చూసి, నన్ను చూసి, చాలా నిదానంగా, పెద్దవాళ్ళు చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "కాదు. మా అమ్మకి ఇక్కడ చుక్కుంటుంది. నీకు లేదు."

మా వృత్తిలో ఏ బొమ్మా చుక్క లేకుండా చిత్రశాల దాటదు. నిండుగా వచ్చిన ముఖానికి దిష్టి తగలకుండా, వంతుకు వెళ్ళిన మనిషి క్షేమంగా తిరిగి రావాలని, పని అంతా అయ్యాక చివరి పొరలో ఒక నల్లచుక్క పెడతాం. నేను ఎప్పుడూ చెవితమ్మె వెనకో, జుట్టు మొదట్లోనో ముఖం చెడకుండా పెడతాను. అలివేలు మాత్రం పసిపిల్లకు పెట్టినట్టు ఎదురుగా, చెంప నడిమధ్య, వేలికొనంత పెట్టింది. నా కూతురు దాన్ని పుట్టుమచ్చ అనుకుంటూ పెరిగింది.

"అది బొమ్మకు పెట్టిన చుక్కని ఒక్కసారైనా చెప్పలేదా అత్తయ్యా?" అన్నాను.

"చెప్పకేం, నోరు నొప్పెట్టేలా చెప్పాను. అది వింటేనా? అచ్చం నీ పోలికే" అంది ఆవిడ, బియ్యంలో రాయి ఏరుతూ. "అయినా ఎందుకే ఇంత బాధ? కాటుక తెచ్చి ఓ చుక్క పెట్టేసుకో. పీడా పోతుంది."

నమోదు 6

పెట్టుకున్నాను.

పలక ముందు నిలబడి, స్థానం సరిగ్గా కొలుచుకుని, అంచులు చెదరకుండా పెట్టుకున్నాను. ఆ క్షణంలో నా ముఖాన్ని అలివేలు బొమ్మకు నకలుగా మార్చుకుంటున్నానన్న సంగతి నాకు తెలుసు. అయినా ఆగలేదు.

కిన్నెర ఆగిపోయింది. దగ్గరకు వచ్చింది. అంత దగ్గరగా రావడం ఇదే మొదటిసారి, దాని ఊపిరి నా మెడకు తగిలింది. వేలు నోట్లో తడుపుకుని నా చెంప మీద రుద్దింది. నల్లబడిన వేలును నాకే చూపించింది.

"ఊడిపోయింది. మా అమ్మది ఊడదు."

మా ఆయన మురారి నవ్వు ఆపుకోలేక నీళ్ళ తొట్టి వైపు తిరిగాడు. మా అత్తగారు ఆపుకోలేదు. "పిల్లా, పోలీసువి అవుతావే నువ్వు!" అంది. నేను కూడా నవ్వాను. ఆ తరవాత ముఖం కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజుకు నా వాటా నీళ్ళు అయిపోయాయి.

నమోదు 9

ఆకలి లేదు.

మురారికి నీళ్ళ వంతు వచ్చింది. వచ్చే ఓడలోనే వెళ్ళాలి. అతను గడప దాటేలోపు అతని బొమ్మ పలకలోకి ఎక్కాలి. అంటే అంతకంటే ముందు నా బొమ్మ చెరగాలి. తిరిగివచ్చిన మనిషి తన బొమ్మను తన చేత్తోనే తుడవడం ఆచారం. మామూలుగా ఆ రోజు ఇంట్లో పాయసం వండుకుంటారు.

ఈ కబురు విని నా మనసులో మొదట కదిలింది సంతోషం. ఆమె పోతుంది అనుకున్నాను. నా వంటగదిలో, నా కూతురి ఎదుట, ఎప్పుడూ కోప్పడకుండా, ఎప్పుడూ ఏదో చెప్పబోతూ నిలబడి ఉన్న ఆ మనిషి నా చేతి కిందనే తెల్లబడిపోతుంది. ఆ వెంటనే కిన్నెర వైపు చూశాను. అది పలక కింద కూర్చుని తన బొంతబొమ్మకు జడ వేయడానికి తంటాలు పడుతోంది. వేయడం రాక, "అమ్మా, చూడు ఇది నిలబడట్లేదు" అని పైకి చూసి చెప్పింది.

నేను తుడిచిన రోజున దాని దృష్టిలో జరిగేది ఒక్కటే. వచ్చినామె అమ్మను చెరిపేసింది. పక్కన ఉండి సర్దిచెప్పే తండ్రి కూడా ఆ మర్నాడే వెళ్ళిపోతాడు.

మురారితో ఈ మాటే అన్నాను. "నువ్వే ఆ చుక్క తీసేయలేవా? నీకు ఆ సాఫ్ట్‌వేర్ తెలియనిదా? చుక్క లేని బొమ్మను నాలుగు రోజులు చూస్తే అలవాటైపోతుంది పిల్లకి" అన్నాడు.

నాకు తెలియనిది కాదు. చుక్క ఎప్పుడూ వేరే పొరలో ఉంటుంది. ఆ పొరను ఆపేయడం ఒక్క వేలి పని.

నమోదు 10

చిత్రశాలకు వెళ్ళాను. అలివేలు బల్ల దగ్గర లేదు. నా బొమ్మ తెరిచి, పొరలన్నీ వరసగా చూశాను. చుక్క పొర మీద వేలు పెట్టి ఉంచాను.

ఈ పనిలో ఒకరు కట్టిన ముఖం మీద మరొకరు చేయి వేయరు. ఎంత కోపం ఉన్నా వేయరు. అలా వేస్తే తరవాత ఏ ఇంటివారూ తమ పలకలో ఉన్నది ఎవరి పనో నమ్మలేరు. పైగా నేను తీయాలనుకున్నది చుక్కనొక్కదాన్నే కాదని పొరలను చూస్తుండగా తెలిసింది. ఆ పెదవి అంచును పూర్తిచేసేయాలని, కళ్ళ కింద నీడను నున్నగా తుడిచేయాలని నా వేలు తహతహలాడింది. ఆ ముఖాన్ని మామూలు ముఖంగా మార్చేయాలని ఉంది.

మూసేశాను. లేచేసరికి వెనక అలివేలు నిలబడి ఉంది.

"తీసేస్తారనుకున్నాను" అంది.

"ఎంతసేపట్నుంచి ఉన్నావు?"

"మీరు దుద్దు నీడ దగ్గర ఆగి తల ఊపారు చూడండి, అప్పట్నుంచి. అది ముదురైందని నాకూ తెలుసక్కా. పలకకి ఎక్కించాక కనపడింది."

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. జరిగిందంతా చెప్పాను. చెప్పి, "చుక్కను అంత ఎదురుగా పెట్టాలా అలివేలూ? చెవి వెనక పెడితే ఏం పోయేది?" అన్నాను. నా గొంతులోని పదును నాకే వినిపించింది.

ఆమెకు కోపం రాలేదు. "చెవి వెనక పెడితే ఎక్కడ ముట్టుకుంటారక్కా?" అంది. "మీరు వేసిన బొమ్మలు ఎన్ని ఇళ్ళలో చూశానో. పలక అద్దంలా ఉంటుంది. ఒక్క వేలిముద్ర ఉండదు. నేను వేసినవి చూడండి, చెంప దగ్గరంతా జిడ్డే. ఇంటివాళ్ళు తుడవలేక నన్ను తిట్టిపోస్తుంటారు. పిల్లలకి వేలు పెట్టుకోవడానికి ఓ చోటుండాలి కదా."

నా పలకలు ఎందుకంత శుభ్రంగా ఉంటాయన్నది ఇన్నేళ్ళలో నాకెప్పుడూ తోచలేదు. అది నా పనితనానికి గుర్తు అనుకున్నాను.

"నా మీద కుళ్ళుగా ఉందా?" అని సూటిగా అడిగింది.

"ఉంది."

"హమ్మయ్య. మీ కొప్పు వేయడానికి నేను ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా? వెంట్రుక వెంట్రుకా మీలా విడదీయడం నాకు రాదు. కడాకి మీరు వేసిన పాత బొమ్మ ఒకటి ముందర పెట్టుకుని, చూసి చూసి వేశాను. ఆ కొప్పు నాది కాదు, మీదే."

బొమ్మలో జుట్టు ఒక్కటే నేను ఏ వంకా పెట్టని భాగం. ఎందుకు పెట్టలేదో అప్పుడు అర్థమైంది. ఇద్దరం నవ్వాం. నా అసూయ ఆ నవ్వుతో పోలేదు. కాస్త సర్దుకుని కూర్చుంది, అంతే.

ఇక ఆమె సాయమే అడగాలి. అడిగాను. మురారి బొమ్మ వేసేటప్పుడు కిన్నెరను పక్కన కూర్చోబెట్టుకోమన్నాను. ఇంటివాళ్ళు బొమ్మ పూర్తయ్యేదాకా చూడకూడదన్నది మా ఇద్దరికీ తెలిసిన నియమమే.

"ముక్కు చిన్నది చెయ్యమని అది అడగదు కదా? అయితే తీసుకురండి" అంది అలివేలు.

నమోదు 13

నడక బాగుపడింది. చిత్రశాల దాకా ఆగకుండా నడిచాను.

కిన్నెర తండ్రి ఒడిలో కూర్చుంది. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. తెర మీద మురారి ఫోటో ఉంది. అసలు మురారి దాని ముందు ఉన్నాడు.

"నెత్తి మీద కాస్త జుట్టు వెయ్యమ్మా. చోటు బోలెడుంది" అన్నాడు మురారి.

"ఉన్నది ఉన్నట్టే వేస్తాను బావగారూ. లేనిది పెట్టేది ఒక్క చుక్కే" అంది అలివేలు.

ఆమె ముందుగా వెనక గోడను తీసేసింది. "గోడేది?" అంది కిన్నెర. రంగులు కుదించగానే మురారి ముఖం అట్టముక్కలు అతికించినట్టు అయింది. "నాన్న విరిగిపోయాడు!" అని అది తండ్రి గడ్డం పట్టుకుని చూసింది. విరగలేదని నమ్మకం కుదిరాక మళ్ళీ తెర వైపు తిరిగింది. అలివేలు కుంచె మెల్లగా దవడ ఎముక వెంట దిగింది, ముక్కు పక్కన నీడ పెట్టింది, కంట్లో చిన్న వెలుగు పెట్టింది. అది పెట్టగానే కిన్నెర ఊపిరి బిగపట్టింది. ఆ వెలుగు పెట్టిన క్షణాన నాకూ అలాగే అవుతుంది, ఇప్పటికీ. మా ఇద్దరికీ ఒకేసారి అలా అయిందని దానికి తెలియదు.

చివరికి అలివేలు చుక్క పెట్టింది. చెంప నడిమధ్యనే.

కిన్నెర వెనక్కి తిరిగి మురారి చెంపను చేత్తో తడిమింది. రెండో చెంప కూడా తడిమింది. "నాన్నకి లేదు" అంది.

"అవునమ్మా. నాన్నకి లేదు. బొమ్మకి పెట్టాను."

"తీసెయ్."

అలివేలు తీసింది.

"పెట్టు."

పెట్టింది. తీసెయ్, పెట్టు, తీసెయ్, పెట్టు. అలివేలు విసుక్కోలేదు. ఈ ఓపికకు కూడా నాకు అసూయ కలిగిందని రాయకపోతే ఈ నమోదు అబద్ధమవుతుంది.

ఉన్నట్టుండి కిన్నెర ఆగింది. "మా అమ్మకి ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను."

"అమ్మది తియ్యి."

అలివేలు నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె నా బొమ్మ తెరిచి, కలం కిన్నెర చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించింది. కిన్నెర నొక్కింది. చుక్క పోయింది. తెర మీద చుక్క లేని నేను, తెర ఇవతల చుక్క లేని నేను. దాని చూపు అటు వెళ్ళింది, ఇటు వచ్చింది, మళ్ళీ అటు వెళ్ళింది. నేను నవ్వలేదు, పిలవలేదు, కదలలేదు. ఫోటోకు నిలబడ్డట్టు నిలబడడం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

"పెట్టేయ్! పెట్టేయ్ మళ్ళీ!" అని కిన్నెర ఏడ్చింది. అలివేలు వెంటనే పెట్టేసింది.

దారి పొడుగునా అది తండ్రి భుజం మీద నుంచి నా చెంపనే చూస్తూ వచ్చింది.

నమోదు 15

రేపు ఓడ. ఈ రోజు పలక తుడవాలి.

మా అత్తగారు పాయసం పొయ్యి మీద పెట్టింది. మురారి మూట కట్టుకోవడం ఆపి వచ్చి నిలబడ్డాడు. నేను పలక ముందుకు వెళ్ళాను కానీ చేయి ఎత్తలేకపోయాను. ఇన్ని రోజులుగా చెరిపేయాలని కోరుకున్న ముఖం అది. దగ్గరగా చూస్తే చుక్క చుట్టూ పలకంతా మసకబారి ఉంది. నేను లేని రోజులన్నీ ఆ జిడ్డులో ఉన్నాయి. నా కూతురు నాతో చెప్పిన మాటలన్నీ ఆమె వింది. అవి ఏమిటో నేను ఎప్పటికీ అడిగి తెలుసుకోలేను.

"కానీవే. పాయసం అడుగంటుతోంది" అంది సూరమ్మ అత్తయ్య.

"కిన్నెర చెబితేనే తుడుస్తాను. లేకపోతే ఆయన బొమ్మ కాగితం మీద అతికించుకుందాం" అన్నాను.

కాగితం మా వంటగది తేమకు నెల రోజులు కూడా ఆగదని అందరికీ తెలుసు.

కిన్నెర పీట లాక్కుని ఎక్కింది. చుక్క మీద వేలు ఆనించింది. వేలు అక్కడే ఉంచి, తల తిప్పి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తరవాత పలకకు దగ్గరగా వంగి, రహస్యం చెప్పినట్టు చెప్పింది:

"అమ్మా, నువ్వొచ్చేశావంట."

అప్పుడు పక్కకు జరిగి, నా చేతికి చోటిచ్చింది.

పై అంచు నుంచి తుడిచాను. కొప్పు పోయింది, నుదురు పోయింది, ఏదో చెప్పబోతున్న పెదవి పోయింది. చుక్కను ఆఖరున తుడవాలి. తుడిచాను. తెల్లటి పలక మిగిలింది.

కిన్నెర పీట మీద నుంచే చేయి చాపి నా చెంప మీద, సరిగ్గా ఆ చోటే, వేలు పెట్టింది. "ఇక్కడుండేది" అంది.

"ఊఁ."

"పెట్టనా?"

"వెళ్ళినవాళ్ళకి పెడతారమ్మా. నేను వచ్చేశాను కదా."

కాసేపు ఆలోచించింది. "అయితే వద్దులే" అని పీట దిగి పాయసం గిన్నె దగ్గరకు పోయింది.

నమోదు 16

ఆకలి, నిద్ర, చూపు, నడక అన్నీ సరిగా ఉన్నాయి.

మురారి వెళ్ళాడు. పలకలో ఉన్నాడు. ముక్కు మీద ఆ వెలుగును అలివేలు రెండే రంగులతో ఎలా నిలిపిందో ఉదయం నుంచి చూస్తున్నాను, ఇంకా అంతుపట్టలేదు. రేపు వెళ్ళి అడుగుతాను. చెబుతుంది. అందుకు కూడా ఒళ్ళు మండుతోంది.

తల దువ్వేటప్పుడు కిన్నెర కదలకుండా కూర్చుంది. పాయలు విడదీయడంలో నా చేయి ఎప్పుడూ తప్పదు. జడ ముడి వేశానో లేదో, అది లేచి పలక దగ్గరకు పరుగెత్తి, తండ్రి చెంప మీద చుక్కకు వేలు ఆనించింది.

"నాన్నా, అమ్మ జడేసింది. చూడు, నిలబడింది."